పై అంతస్తు గులాబీ

చిట్టూరి పద్మనాభం చేతిలో టేపు మధ్యకి తెగిపోవాలనీ, అతను కొలిచిన గోడలన్నీ కట్టగట్టుకుని అతని మీదే పడాలనీ వాసంశెట్టి పేర్రాజు మొక్కుకోని దేవుడు పెదలంకపాడులో లేడు.

నిజానికి పద్మనాభం చెడ్డవాడని ఎవరూ అనరు. వార్డు ప్లానింగ్ సెక్రటరీగా చేరి నాలుగేళ్ళయినా ఎవరి గుమ్మంలోనూ టీ తాగి ఎరగడు. ఎవర్నీ నువ్వు అనడు. కొంప మునిగే కాగితం చేతిలో పెట్టేటప్పుడు కూడా ముందు నమస్కారం పెడతాడు. పేర్రాజు కడుపుమంట అక్కడే. నమస్కారం పెట్టి గోతిలో దించేవాణ్ణి ఏమని తిట్టాలో అతను చదివిన ఏడో తరగతిదాకా ఏ పుస్తకంలోనూ లేదు. ఎనిమిదిలో ఉందేమో, అంతదూరం వెళ్ళలేదు.

సంగతి కమిషనరు గారి శిక్షణతో మొదలైంది. ఆయన్ని మూడు రోజులు ఏదో చల్లటి ఊరు పంపారు. మురుగునీటి నిర్వహణ మీద శిక్షణ. పాఠం చెప్పే గదికి కిటికీ ఉంది, కిటికీ బయట గులాబీలున్నాయి. కమిషనరు గారు మూడు రోజులూ కిటికీలోంచే శిక్షణ పొంది తిరిగొచ్చి, ఊరికి ఒక నినాదం ఇచ్చారు. 'గులాబీ లేని గుమ్మం, గౌరవం లేని కుటుంబం.' పట్టణంలో ఇంటింటి గులాబీనీ లెక్కించాలి, నంబరు వెయ్యాలి, కాపాడాలి. నంబరు పడిన గులాబీకి హాని చేసినవారిపై చర్య తప్పదు.

ఉత్తర్వు బాగానే ఉంది. గులాబీలు ఏ విభాగానివన్న దగ్గరే చిక్కొచ్చింది. మునిసిపాలిటీకి తోటల విభాగం లేదు. ఉన్న ఒక్క తోటమాలీ కమిషనరు గారి క్వార్టర్సులో వంట చేస్తాడు. గులాబీ చెత్త కాదని పారిశుధ్యం వాళ్ళు రాశారు. గులాబీ కాలవ కాదని ఇంజినీరింగు వాళ్ళు రాశారు. గులాబీ మీద ఇంకా పన్ను లేదు కనక తమది కాదని రెవెన్యూ వాళ్ళు రాసి, 'ఇంకా' అన్న మాట కింద గీత గీశారు. ఇది తేల్చడానికి పెట్టిన మీటింగు రోజు సెలవులో ఉన్నది టౌన్ ప్లానింగ్ ఆఫీసరు శేషఫణి గారొక్కరే. గులాబీలు ఆయనవయ్యాయి.

టౌన్ ప్లానింగ్ వాళ్ళకి తెలిసింది ఇళ్ళు. వాళ్ళ దగ్గర ఉన్నది ఇళ్ళ ఫారం. అందులో 'గృహము' అన్నచోటల్లా కొట్టేసి 'గులాబీ' అని రబ్బరు ముద్ర వేయించారు. మిగతా గడులు అలాగే ఉన్నాయి. పునాది ఏ రకం. ఎన్ని అంతస్తులు. నాలుగు పక్కలా ఎంత ఖాళీ వదిలారు. యజమాని ఉంటున్నాడా, అద్దెకిచ్చాడా.

పేర్రాజుది రెండున్నర సెంట్ల స్థలం. పొడుగూ వెడల్పూ ముప్ఫైమూడేసి అడుగులు. ముందు ఇరవై అడుగుల్లో ఇల్లు, వెనక పదమూడు అడుగుల పెరడు. పెరట్లో ఎడమ చివర వంటింటి గుమ్మం, కుడి చివర కొళాయి, స్నానాల గది. మధ్యలో, ఇంటిగోడకి ఆరడుగుల దూరంలో, ఒక గులాబీ చెట్టు.

ఇరవయ్యొక్క ఏళ్ళు నర్సరీలో అంటు కట్టినవాడి పెరట్లో ఒకటే గులాబీ ఏమిటని అడిగేవాళ్ళున్నారు. మిఠాయి కొట్టువాడి పిల్లలు మిఠాయి ముట్టరు, అలాంటిదే అది కూడా. కానీ ఆ ఒక్కటీ మామూలుది కాదు. నర్సరీలో ఓ ఏడు, వెయ్యి ఎర్ర గులాబీల వరసలో ఒక చెట్టుకి ఒక్క కొమ్మ మాత్రం వేరేగా పూసింది. తాంబూలం వేసుకున్న నోటి రంగు, మాగిన జామపండు వాసన. అందరూ నీళ్ళు పెట్టుకుంటూ దాటిపోయారు, పేర్రాజు ఆగాడు. ఆ కొమ్మ మీది చిగురు కన్ను కోసి, నాటు గులాబీ మొదలు మీద అంటు కట్టి, ఇంటికొకటి తెచ్చుకున్నాడు. తర్వాత నర్సరీ యజమాని పొలం ప్లాట్లు వేసి అమ్ముకున్నాడు. చెట్లన్నీ పొక్లెయినుకి పోయాయి. ఆ రంగు గులాబీ భూమ్మీద ఇప్పుడు పేర్రాజు పెరట్లో తప్ప ఇంకెక్కడా లేదు. పేర్రాజు మాత్రం సిమెంటు కుండీలు పోసే షెడ్డులో రోజుకూలికి పోతున్నాడు.

ఆశ్వయుజం వెళ్ళి వానలు వెనక్కి తగ్గాక గులాబీని కత్తిరించాలి. కత్తిరించడమంటే చివర్లు గిల్లడం కాదు. మోకాలి ఎత్తుకి కొట్టెయ్యాలి. ఆకు దుయ్యాలి. కోసిన మొనలకి పేడముద్ద పెట్టాలి. చూసేవాళ్ళకి చచ్చిపోయినట్టుండాలి. అప్పుడు నలభై అయిదు రోజులకి ఒళ్ళంతా పూస్తుంది. ఇది పేర్రాజుకి తెలుసు, గులాబీకి తెలుసు.

ఆ గురువారం పేర్రాజు అలాగే కత్తిరించాడు. ఇంకొక్క పని మిగిలింది. అంటు కింద నాటు మొదట్లోంచి ఒక కొమ్మ ఛాతీ ఎత్తున ఏపుగా లేచింది. అంటు గులాబీలకి ఇది మామూలే. కింది మొదలు తన కొమ్మ తాను వేస్తుంది, అది పూయదు, వదిలేస్తే పైదాని తిండంతా తినేస్తుంది. మట్టి తవ్వి దాన్ని మొదటికంటా పీకెయ్యాలి. పార పట్టుకునేసరికి లోపలినించి పెళ్ళాం లోవరత్నం కేకేసింది.

"పులుసు చల్లారిపోతంది మావా. ఆ ముళ్ళు ఎక్కడికీ పారిపోవులే, రా."

పేర్రాజు వెళ్ళి కూచున్నాడు. అతను రెండో వాయి కలుపుకునేలోగా పద్మనాభం వెనకవైపు తలుపు తీసుకుని, గోడకి కూడా నమస్కారం పెట్టి, పెరట్లోకి వచ్చాడు. ఆకులేని మోళ్ళు చూశాడు. 'పాత కట్టడం, శిథిలావస్థ' అని రాశాడు. ఏపైన నాటు కొమ్మ చూశాడు. 'కొత్త నిర్మాణం, దృఢంగా ఉంది' అని రాశాడు. అయిదడుగుల రెండంగుళాలని కొలిచి, దానికి అల్యూమినియం బిళ్ళ కట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. బిళ్ళ మీద 14-3-27/గు అని ఉంది.

చెయ్యి కడుక్కొచ్చిన పేర్రాజు బిళ్ళ చూసి చాలాసేపు నవ్వాడు.

"చూసేవేటే. మునసబు ఇంటికొచ్చి పాలేరుకి దండేసి పోయేడంట."

నాటు కొమ్మని మొదటికంటా పీకి గోడవతల పారేశాడు. బిళ్ళ పారెయ్యలేదు. సర్కారు సొమ్ము కదా అని జాగ్రత్తగా అసలు గులాబీకి కట్టాడు. అతను చేసిన తప్పు అంతే.

లోవరత్నం ఈలోగా కత్తిరింపుల్లోంచి ఒక రెమ్మ ఏరి, గోడవారగా ఉన్న తుప్పు నూనె డబ్బాలో మట్టి పోసి గుచ్చుతోంది.

"అంటు కట్టకుండా గులాబీ బతికేస్తే నా ఇరవయ్యొక్క ఏళ్ళూ ఎందుకే మరి?"

"దాని మానాన దాన్ని బతకనీ మావా. అన్నింటికీ నీ చెయ్యే తగలాలేటి?"

*

పదిహేను రోజులకి నోటీసు వచ్చింది. పద్మనాభం స్వయంగా తెచ్చి, నమస్కారం పెట్టి ఇచ్చాడు.

'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సదరు ఇంటిలో మునిసిపల్ నంబరు కలిగిన గులాబీని తమరు ఎట్టి అనుమతి లేకుండా సమూలముగా కూల్చివేసి, సదరు నంబరును పక్కనున్న శిథిల కట్టడమునకు తగిలించి, శిథిల కట్టడముపై అక్రమముగా చిగుళ్ళు నిర్మించుచున్నట్లు క్షేత్రస్థాయి పరిశీలనలో తేలినది. ఎందుకు చర్య తీసుకోరాదో నలభై అయిదు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.'

"ఇందులో ఏటుందండీ?" అన్నాడు పేర్రాజు.

"మీరు గులాబీని కూల్చారని ఉందండి."

"గులాబీ అదుగోనండి. చిగురేత్తంది."

"అది శిథిలమండి. శిథిలం చిగురెయ్యకూడదండి."

మర్నాడు పేర్రాజు షెడ్డుకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా తొడుక్కుని టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళాడు. ఇరవయ్యొక్క ఏళ్ళ పనిలో అతన్ని ఎవరూ ఏదీ వివరించమని అడగలేదు. ఇవాళ ఒక ఆఫీసరు సంజాయిషీ అడిగాడు. పేర్రాజు దాన్ని గౌరవంగానే తీసుకున్నాడు.

శేషఫణి గారు బల్ల వెనక వెడల్పుగా ఉన్నారు. "ఏం చదువుకున్నావ్?"

"ఏడండి."

"పాసా?"

"లేదండి, మధ్యలో మానేసేను. సార్, తవరు పీకేసేనన్నది గులాబీ కాదండి. నాటు మొదలండి. గులాబీలో రెండుంటాయండి. కింద మొదలు నాటుదండి. దాని బెరడు ఇలా చీల్చి, పైరకం కన్ను తెచ్చి లోపల పెట్టి, ఇలా చుట్టి కట్టేత్తామండి. అతుక్కున్నాక కింద వేరు నాటుది, పైన కొమ్మా పువ్వూ అంటుదండి." చూపుడువేలి మీద ఆఫీసు పెన్ను పెట్టి, జంధ్యపు దారమంత సుకుమారంగా గాల్లో దారం చుట్టి చూపించాడు. చుట్టూ గుమాస్తాలు కూడా లేచి చూశారు.

శేషఫణి గారు పెన్ను వెనక్కి తీసుకున్నారు. "అంటే పునాది ఒకరిది."

"ఆయ్."

"దాని మీద పై అంతస్తు ఇంకొకరిది."

"మరేనండి. తవరు బలే పట్టేసేరు."

"పునాదివాడి అనుమతి తీసుకున్నారా?"

"ఎవరిదండి?"

"కింద ఉన్న నాటుదాని అంగీకారం లేకుండా దాని మీద పరాయిదాన్ని కట్టారు. పైగా కిందిది తన స్థలంలో తాను చిన్న నిర్మాణం చేసుకుంటే దాన్ని పెరికేశారు. ఎన్నాళ్ళనించి జరుగుతోంది ఇది?"

"ఎప్పట్నించోనండి. ఊళ్ళో అంగడి గులాబీలన్నీ అంతేనండి."

"అన్నీ?"

"నూటికి తొంభైతొమ్మిదండి."

శేషఫణి గారు కళ్ళజోడు తీశారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంత పెద్ద అక్రమ కట్టడాల వ్యవహారం ఆయన కంట పడలేదు. "పద్మనాభం," అన్నారు మెల్లగా, "ఆ తలుపు వేసెయ్యి."

*

వారం తిరక్కుండా పెదలంకపాడులో మూడువేల ఆరువందల పన్నెండు గులాబీలకి నోటీసులు వెళ్ళాయి. ప్రతి అంటు గులాబీకీ పై అంతస్తు అక్రమమే. అయితే మునిసిపాలిటీ కర్కోటకురాలు కాదు. దరఖాస్తు పెట్టుకుంటే క్రమబద్ధీకరిస్తుంది. దరఖాస్తుతో పాటు లైసెన్సు ఉన్న ఇంజినీరు గీసిన ప్లాను, మూడు పక్కలనించి ఫొటోలు, కింది అంతస్తు యజమాని అంగీకార పత్రం జతచెయ్యాలి.

పక్కింటి భద్రం గారు రిటైరైన హెడ్మాస్టరు. మేడమీద పదకొండు కుండీల గులాబీలు పెంచుతారు. నోటీసులు పదకొండూ పేకముక్కల్లా విసనకర్రగా పట్టి గోడ దగ్గరికి వచ్చారు.

"ఏరా పేర్రాజూ, నేను ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఒక్కడికీ బుర్రకెక్కలేదు. నువ్వు ఒక్క పాఠం చెప్పావు, ఊరు ఊరంతా ఎక్కింది."

"నిజం చెప్పేనండి మాస్టారూ."

"ఆఫీసుకెళ్ళి నిజం చెప్పేవాణ్ణి ఏడో క్లాసులోనే ఎందుకు ఆపేశారో ఇప్పుడర్థమైంది. తప్పయిపోయిందండీ అని చెంపలేసుకుని వచ్చుంటే పోయేది కదరా. ఇప్పుడు మా మొదళ్ళ చేత సంతకాలెవడు పెట్టిస్తాడు?"

ఊరు తెలివైంది. దరఖాస్తు ఎవరూ పెట్టలేదు. రాత్రికి రాత్రే గులాబీలు పీకి కాలవలో పారేశారు. తెల్లారేసరికి కాలవ పూడిపోయింది, ఇంజినీరింగు వాళ్ళు గులాబీ కాలవ వ్యవహారమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. గుమ్మానికి గులాబీ ఉండాలి కనక అందరూ బజారుకెళ్ళి ప్లాస్టిక్‌వి తెచ్చుకున్నారు. పద్మనాభం ఇంటింటికీ తిరిగి ప్లాస్టిక్ గులాబీలకి వేరు లేదనీ, పై అంతస్తు లేదనీ, నిబంధనల ప్రకారం నిక్షేపంగా ఉన్నాయనీ రాసుకున్నాడు. భద్రం గారి పదకొండు కుండీలకీ ప్రశంసాపత్రం వచ్చింది.

పీకనిది ఒక్క పేర్రాజే. లోవరత్నం చెప్పి చూసింది.

"పోనీ, మనమూ పీకేద్దాం మావా. పెళ్ళప్పుడు నువ్వు పెట్టిన నత్తు పోయిందని ఏడిచేనా? ఇదీ అంతే."

"నత్తు బజార్లో ఇంకోటి దొరుకుద్ది. దీన్ని పీకేత్తే ఈ రంగు ఉండేదని చెప్పినా ఎవడూ నమ్మడే. రేపు నేనే నమ్మను."

పట్టణం మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క దరఖాస్తు పేర్రాజుది. ఒక్కటే కావడంవల్ల దాని మీద ఆఫీసంతా పనిచేసింది. విచారణ పూర్తయ్యేదాకా పై అంతస్తుకి సీలు వెయ్యాలని ముందుగా తేల్చారు.

పద్మనాభం ఎర్రనాడా, లక్క, అగ్గిపెట్టె, ఇత్తడి ముద్ర తెచ్చాడు. గులాబీకి మూడు మొగ్గలు తొడిగాయి. మూడింటికీ విడివిడిగా నాడా చుట్టి, ముడి మీద లక్క కరిగించి, నోటితో ఊదుతూ ముద్ర వేశాడు. పని నీటుగా చేశాడు. పేర్రాజు కూడా లోపల ఒప్పుకున్నాడు, కట్టు బాగా కట్టాడని.

పన్నెండో రోజు పొద్దున్నే లోవరత్నం మొహం కడుక్కుంటూ పిలిచింది. మూడు మొగ్గలూ నాడాలు తెంచుకుని విచ్చుకున్నాయి. రేకలకి లక్క పెచ్చులు కుంకుమబొట్ల మాదిరి అంటుకుని ఉన్నాయి. పెరడంతా జామపండు వాసన.

పద్మనాభం వచ్చాడు. వాసనకి ఒక్క క్షణం నిలబడిపోయాడు. తర్వాత పెన్ను తీశాడు.

"సీళ్ళు ఎవరు పగలగొట్టారండి?"

"ఎవరూ పగలగొట్టలేదండి. పూసిందండి."

"సీలు ఉండగా ఎలా పూస్తుందండి?"

"దానికి చదువు రాదు కదండీ. ముద్ర మీద ఏముందో చదూకోలేదు."

'అనధికార అంతస్తులో అనధికార కార్యకలాపాలు' అని పద్మనాభం రాశాడు. రాసి, లేవబోతూ, "వాసన మాత్రం బాగుందండి," అన్నాడు. ఆ ముక్క రాసుకోలేదు.

*

విచారణ మునిసిపల్ మీటింగు హాల్లో పెట్టారు. శేషఫణి గారు ఎత్తు కుర్చీలో కూచున్నారు. పేర్రాజు గులాబీ పై అంతస్తు తరఫున నిలబడ్డాడు. కింది అంతస్తు యజమాని అయిన నాటు మొదలు నోరులేనిదీ, సంతకం రానిదీ కనక దాని క్షేమం చూడడానికి ఒక సంరక్షకుణ్ణి నియమించారు. సంరక్షకుడు పద్మనాభం. అతను మామూలుగానే నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు.

"అయ్యా, నా కక్షిదారు పుట్టినప్పట్నించీ మట్టిలోనే ఉంది. వెలుగు ఎరగదు. నీళ్ళు తెచ్చింది అది. ఎరువు తెచ్చింది అది. గాలివాన వచ్చిన రాత్రి పట్టుకుని నిలబడింది అది. పూసింది మాత్రం పైనున్నది. ఫొటో పైనున్నదానికి, పేరు పైనున్నదానికి. నా కక్షిదారు పేరేమిటో ఈ హాల్లో ఒక్కరైనా చెప్పగలరా? నాటుది అంటారు, అంతే. అది బతుకులో ఒక్కసారి తల పైకెత్తి, ఒక్క కొమ్మ వేసుకుంది. దాన్ని మొదటికంటా పెరికి గోడవతల పారేశారు. దాని నేరమేమిటయ్యా? కింద ఉండడమా?"

అటెండరు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

పేర్రాజు తన వీపు తడుముకున్నాడు. నర్సరీ రోజుల్లో ఒకసారి పూల ప్రదర్శన జరిగింది. అతను కనిపెట్టిన ఆ తాంబూలం రంగు గులాబీనే యజమాని తన పేరున పెట్టాడు. సరిగ్గా బహుమతిచ్చే వేళకి బల్ల కాలు విరిగింది. పేర్రాజు బల్ల కింద దూరి, కప్పు చేతులు మారి, ఫొటోలయ్యి, ఉపన్యాసాలయ్యేదాకా బల్లని వీపుతో మోశాడు. గుడ్డ కిందికి వేలాడుతుండడంవల్ల అతను ఎవరికీ కనబడలేదు. కింద ఉన్నవాడి తరఫున ఒక ఆఫీసరు మాట్లాడడం వినాలని పేర్రాజు పుట్టిన దగ్గర్నించీ నలభై ఎనిమిదేళ్ళుగా ఎదురుచూశాడు. ఇవాళ విన్నాడు. చప్పట్లు కొట్టబోయి, కేసు తన మీదేనని గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నువ్వేమైనా చెప్పుకుంటావా?" అన్నారు శేషఫణి గారు.

"ఆయన చెప్పిందంతా నిజమేనండి. కాపోతే..."

"నిజమేనని ఒప్పుకున్నాడు. రాయండి."

కాపోతే తర్వాత మాట ఇప్పటికీ పేర్రాజు దగ్గరే ఉంది.

తీర్పు అక్కడికక్కడే చదివారు. ఒకటి, అక్రమ పై అంతస్తుని అంటు వరకు కూల్చి, నాటు మొదలు తన కొమ్మలు తాను వేసుకునే యథాస్థితి కల్పించాలి. రెండు, అన్యాయానికి గురైన సదరు మొదలుని మునిసిపాలిటీ సంరక్షిత గులాబీగా ప్రకటించి, చుట్టూ నాలుగు పక్కలా ఆరేసి అడుగుల ఖాళీ వదలాలి, ఒక పక్క సందర్శకులకి రెండడుగుల దారి ఇవ్వాలి. మూడు, ఆ పన్నెండడుగులు బై పద్నాలుగు అడుగుల స్థలాన్ని పేర్రాజు స్వచ్ఛందంగా మునిసిపాలిటీకి దానపత్రం రాసివ్వాలి. స్వచ్ఛందంగా రాసివ్వనిచో జైలు.

పేర్రాజు లెక్క కట్టుకున్నాడు. పెరడు లోతు పదమూడడుగులు. కంచె పన్నెండు తింటుంది. గోడవారగా ఒక్క అడుగు సందు మిగుల్తుంది. పక్కకి తిరిగి నడిస్తే కొళాయికీ స్నానాల గదికీ పోవచ్చు. బతకొచ్చు.

"సార్, సంతకం పెట్టేత్తాను. కూల్చేముందు బెత్తెడు కొమ్మ నన్ను కోసుకోనివ్వండి. ఈ రకం ఇంకెక్కడా లేదండి. ఆ ఒక్కటీ ఇప్పించండి, స్థలం మీరే ఉంచుకోండి."

శేషఫణి గారి మొహం మెత్తబడింది. "మానవతా దృక్పథంతో పరిశీలిస్తాం."

పేర్రాజు సంతకం పెట్టాడు. తొమ్మిది చోట్ల పెట్టాడు.

*

కూల్చివేతకి నలుగురు మనుషులూ, ఒక ట్రాక్టరూ, ఫొటోలు తీసే ఆయనా వచ్చారు. గులాబీ అప్పటికి రెండో కాపు మీద ఉంది. పందొమ్మిది పూలు. పేర్రాజు కొడవలి పదును పెట్టుకుని, తడిగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ బెత్తెడు కొమ్మ బాబూ."

"పరిశీలన ఇంకా పూర్తి కాలేదండి," అన్నాడు పద్మనాభం నమస్కారం పెట్టి.

"పూర్తయ్యేదాకా ఆగండి మరి."

"కూల్చివేతకి ఇవాళే ఆఖరు తేదీ అండి. పరిశీలనకి తేదీ లేదండి."

రంపం నాలుగు లాగులు లాగారు. పందొమ్మిది పూలతో పై అంతస్తు నేలమీద పడింది. పేర్రాజు వంగి ఒక రెమ్మ మీద చెయ్యి వేశాడు. శిథిలాలు మునిసిపాలిటీ ఆస్తి అని పద్మనాభం మెల్లగా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. ట్రాక్టరులో చెత్త మీద వేసి తీసుకుపోయారు. వీధి మలుపు దాకా జామపండు వాసన వచ్చింది, తర్వాత ట్రాక్టరు వాసన వచ్చింది.

పేర్రాజు తడిగుడ్డ పిండి మొహం తుడుచుకున్నాడు. అప్పుడు లోవరత్నం దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, మోచేత్తో పొడిచింది.

"మావా, ఏడవకు. గోడ వార చూడు. డబ్బా."

గోడవారగా ఆ ఒక్క అడుగు సందులో తుప్పు నూనె డబ్బా ఉంది. అందులో ఆమె గుచ్చిన రెమ్మ మూరెడు లేచింది. చివర ఒక మొగ్గ, కందిగింజంత. మొన విచ్చి తాంబూలం రంగు గీతలా కనబడుతోంది. అంటు లేదు. నాటు మొదలు లేదు. తన వేరు తానే వేసుకుంది.

పేర్రాజుకి తన ఇరవయ్యొక్క ఏళ్ళూ తప్పయిపోయినా ఫరవాలేదనిపించింది.

"మూణ్ణెల్ల నించీ చెప్పవేటే?"

"చెబితే చెయ్యెడతావని చెప్పలేదు. చంకనెట్టుకుని లోపలికి పో, ఆళ్ళు కంచె పని మీదున్నారు."

పేర్రాజు పిల్లిలా నడిచి డబ్బా పట్టుకుని ఎత్తాడు. రాలేదు. మళ్ళీ ఎత్తాడు. డబ్బా అడుగు ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. వేరు దాంట్లోంచి నేలలోకి దిగి గట్టిగా పట్టుకుంది.

"ఏమండి అది?" అన్నాడు పద్మనాభం వెనకనించి.

దాచడానికి ఏమీ లేదు. పద్మనాభం మోకాళ్ళ మీద కూచుని, మట్టి వేలితో తవ్వి, రెమ్మ మొదలు పైకీ కిందికీ చూశాడు. అంటు కోసం వెతికాడు. చాలాసేపు వెతికాడు. అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"పేర్రాజు గారూ, దీనికి పై అంతస్తు లేదండి. పునాదీ ఇదే, కట్టడమూ ఇదే. ఎవరి మీదా కట్టలేదు. ఎవర్నీ తొక్కలేదు. పట్టణం మొత్తమ్మీద మొట్టమొదటి సక్రమ గులాబీ అండి ఇది."

"అయితే వదిలేత్తారా బాబూ?"

"సక్రమమైనదాన్ని ఎలా వదిలేస్తామండి? అక్రమ కట్టడాన్ని మోసిన మొదలుకే అంత రక్షణ ఇచ్చాం. దీన్ని గాలికి వదిలేస్తే మునిసిపాలిటీకి మాట వస్తుందండి. కుండీలో ఉంటే చరాస్తి, మీరు పట్టుకుపోవచ్చు. వేరు నేలలోకి దిగింది కనక స్థిరాస్తి."

శేషఫణి గారికి ఫోను చేశాడు. ఆయన ఫోనులోనే అభినందించారు. కంచె మనుషులు గుంజలు పీకి, ఒక్క అడుగు జరిపి, గోడకి ఆనించి మళ్ళీ పాతారు. దానపత్రంలో పన్నెండు కొట్టేసి పదమూడు రాశారు. పేర్రాజు పక్కన చిన్న సంతకం పెట్టాడు. పద్మనాభం డబ్బా రెమ్మకి అల్యూమినియం బిళ్ళ కట్టి, లోపలినించి తాళం వేసుకోబోయి, తను కంచె లోపలున్నానని చూసుకుని, బయటికొచ్చి తాళం వేశాడు.

ఇప్పుడు కంచె ఇంటిగోడ నించి పెరటిగోడ దాకా ఉంది. పొద్దున్న స్నానానికి పోవాలంటే లోవరత్నం బకెట్టూ తువ్వాలూ పట్టుకుని వీధిలోకి వచ్చి, భద్రం గారి ప్లాస్టిక్ గులాబీల ముందునించి సందు చుట్టి, వెనక తలుపులోంచి వెళ్ళాలి. "బాగున్నావా లోవరత్నం," అని దారిలో అందరూ అడుగుతారు. "స్నానానికి పోతన్నాను బాబూ," అని అందరికీ చెబుతుంది. కంచెలో నాటు మొదలు మనిషెత్తు ముళ్ళు వేసింది, పూయలేదు. డబ్బా గులాబీ మాత్రం పూస్తూనే ఉంది. కత్తిరించడానికి అనుమతి లేదు కనక ప్రతిసారీ పువ్వు కాస్త చిన్నదవుతోంది. పేర్రాజు కంచె మీద గెడ్డం ఆనించి వాసన చూస్తాడు. వాసన మీద ఇంకా ఉత్తర్వు రాలేదు.

మొదటి తీర్పు ప్రకారమైతే అతనికి పోవాల్సింది పద్దెనిమిది గజాల ఆరు చదరపు అడుగులు. లోవరత్నం గుచ్చిన రెమ్మ బతకడంవల్ల పోయింది ఇరవై గజాల రెండు చదరపు అడుగులు.